ఎండ లేని వెలుగు

నూకాలపేట ఆడవాళ్లు నలభై ఒక్క అంతస్తుల హోటల్‌ను మూడేళ్లపాటు పునాది దాటనివ్వలేదు. వాళ్లను కూడగట్టింది గరికిన కొర్లమ్మ. చివరికి ఆ హోటల్ లేచిందంటే కారణం కొర్లమ్మ కూతురు పైడితల్లి. ఈ సంగతి పేటలో అందరికీ తెలుసు. ఎవరూ ఆమె మొహం మీద అనరు. అనకపోవడం వల్లే పైడితల్లికి ఆ సందుల్లో నడవడం కష్టమైపోయింది.

విశాఖలో బీచి రోడ్డు ఊరు దాటి ఉత్తరానికి తిరిగే చోట ఉంటుంది నూకాలపేట. రోడ్డుకు తూర్పున ఇసుక, ఆ తరువాత సముద్రం. పొద్దున పది గంటలకు పడవలు ఒడ్డుకు చేరతాయి. అమ్మగా మిగిలిన చేపలు, నెత్తళ్లు, కానాగంతలు, కడిగి, ఉప్పు పట్టించి, పాత వలలు పరిచి వాటి మీద ఆరబోసేవాళ్లు. ఆ ఇసుకనే ఆరబోత అనేవాళ్లు. మూడు వందల మంది ఆడవాళ్లకు అదే బతుకు. రోడ్డుకు పడమట, సరిగ్గా ఆ ఇసుకకు ఎదురుగా, ఎప్పుడో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉండేది. ఆ స్థలం నీలాంబుధి హోటళ్ల కంపెనీ కొన్నదని తెలిసిన రోజున కొర్లమ్మ కూతురిని పిలిచి ఒక్కటే అడిగింది, అంత ఎత్తు మేడ కడితే నీడ ఎంత దూరం పడుతుందని.

పైడితల్లి అప్పటికి యూనివర్సిటీలో కాంతి పరిశోధనశాలలో సైంటిస్టు. పేటలో డాక్టరేటు చేసిన మొదటి మనిషి. తండ్రి కామెర్లతో పోయాక ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకొని పూర్ణా మార్కెట్ దాకా నడిచి కొర్లమ్మ చదివించింది. ఆ ఆదివారం పైడితల్లి లెక్క వేసి, ముగ్గుపిండి డబ్బా తీసుకుని ఇసుక మీద గీత గీసింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నీడ ఆరబోత మొదట్లోకి వస్తుంది. రెండున్నరకు మొత్తం కమ్మేస్తుంది. చేప పైతడి పొద్దుటి ఎండకు పోతుంది గాని, లోపలి తడి లాగేది ఆ మధ్యాహ్నపు ఎండే. అది లేకపోతే చేప ఆరకుండానే పురుగు పడుతుంది. ఆడవాళ్లు ఆ గీత లోపల నిలబడి చూసుకున్నారు. బయట ఒక్కరు కూడా మిగల్లేదు.

ఆ గీతే వాళ్ల కేసు అయింది. అంతకు ముందు చాలా చెప్పారు. పడవలు లాగే దారి మూసుకుపోతుందన్నారు. సముద్రం ఒడ్డున తమ ఆడవాళ్లకున్న మరుగు పోతుందన్నారు. చచ్చినవాళ్లను పూడ్చే చోటు మీదుగా కార్లు తిరుగుతాయన్నారు. అధికారులు తలలూపారు తప్ప ఏదీ రాసుకోలేదు. నీడ మాట మాత్రం తీరభూముల న్యాయమండలికి పట్టింది, ఎందుకంటే దాన్ని గజాల్లో కొలిచి చూపించవచ్చు. ఆరబోత మీద నీడ పడే కట్టడానికి అనుమతి లేదని మండలి ఉత్తర్వు ఇచ్చింది. ఆ రోజు పేటలో పెళ్లి జరిగినట్టుంది.

*

పైడితల్లి లాబ్‌లో చేస్తున్న పని వేరు. ఇరుకు సందుల్లో, గోడకు గోడ తగిలే ఇళ్లలో, పగలు కూడా దీపం పెట్టుకునే గదులకు సూర్యకాంతి చేర్చాలని ఆరేళ్లుగా కష్టపడుతోంది. వెంట్రుక కంటే సన్నని గాజుదారాలను అల్లి ఒక పొర తయారు చేసింది. ఒక పక్కన పడిన కాంతిని ఆ దారాలు పట్టుకుని, వస్తువు చుట్టూ తిప్పి, అవతలి పక్కన అదే దిశలో వదిలేస్తాయి. దానికి వెలుగుపొర అని పేరు పెట్టుకుంది.

మొదటిసారి అది పనిచేసిన రోజున బల్ల మీద ఒక ఇటుక పెట్టి, పొర చుట్టి, ఇటు నుంచి దీపం వేసింది. ఇటుక వెనక బల్ల తెల్లగా వెలిగింది. వేలు పెడితే వేలికి నీడ పడింది, ఇటుకకు పడలేదు. లాబ్ అధిపతి ప్రొఫెసర్ సుదర్శనరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. తరువాత ఆ సంగతి ఒక సైన్సు పత్రికలో వచ్చింది. వచ్చిన పదో రోజున నీలాంబుధి కంపెనీ నుంచి అరవింద్ మాధవ్ అనే మనిషి లాబ్‌కు వచ్చాడు.

అతను మర్యాదస్తుడు. గొంతు పెంచడు. ఇటుకను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇటుకకు చేసింది మేడకు చేయవచ్చా అని అడిగాడు. చేయవచ్చంది పైడితల్లి. అప్పుడతను చెప్పాడు, తాము ఎవరి ఎండా తీసుకోదలుచుకోలేదని, నీడే పేటవాళ్ల అభ్యంతరమైతే నీడ లేని మేడ కడతామని, ప్రపంచంలో అలాంటిది మొదటిది నూకాలపేట ఎదురుగా, నూకాలపేట ఆడపిల్ల చేతి మీదుగా లేస్తుందని.

ఆ మాట ఆమెకు నచ్చింది. దాన్ని తరువాత ఆమె ఎన్నడూ దాచుకోలేదు. ఆరేళ్లుగా ఇటుక మీద ఉన్నది ఆకాశం ఎత్తున నిలబడుతుంది. పేటకు ఎండ పోదు. ఇరుకు గదుల పని ఆ తరువాత ఎవరైనా నెత్తిన పెట్టుకుని చేస్తారు. ఇద్దరూ గెలిచే దారి ఉండగా కొట్లాట దేనికని ఆమె నిజంగానే అనుకుంది.

న్యాయమండలి మళ్లీ కూర్చుంది. పైడితల్లి సాక్షిగా నిలబడి, చిన్న మేడ నమూనా పెట్టి, దీపం వేసి చూపించింది. మండలి సభ్యుడు, పెద్దాయన, ఒక ప్రశ్న అడిగాడు. కట్టిన తరువాత నీడ పడటం లేదని తాము తనిఖీ చేసేది ఎలాగని. ఆరబోతలో ఇరవై చోట్ల వెలుగు కొలిచే మీటరు పెట్టండి, మేడ లేనప్పటి వెలుగులో నూటికి తొంభై ఐదు వంతులు ఉంటే చాలు, అని చెప్పింది. ఆయన ఆ వాక్యాన్ని అలాగే షరతుగా రాయించి అనుమతి ఇచ్చాడు.

కొర్లమ్మ వెనక బెంచీ మీద కూర్చుని అంతా విన్నది. బయటకు వచ్చాక చెట్టు కింద చెప్పులు వేసుకుంటూ, కూతురి వంక చూడకుండా అంది.

"నీడొక్కటే ఆలకి అర్థమైన మాట పైడీ. మిగతాయన్నీ ముందే సెప్పినాం, రాసుకోనేదు. ఆ ఒక్కటీ నువ్వు తీసీసినావు."

"అమ్మా, ఎండ పోదు. ఎండ పోనప్పుడు ఇంకేటి కావాలి మనకి?"

"ఆ మేడ వొద్దు. అదీ కావల్సింది."

పైడితల్లికి తల్లి మొండితనం చేస్తోందనిపించింది. ఎండ పడ్డ రోజున తనే ఒప్పుకుంటుంది అనుకుని ఊరుకుంది.

*

పరీక్ష కోసం ఐసు ఫ్యాక్టరీ స్థలంలో ఆరంతస్తుల ఇనుప చట్రం నిలబెట్టి పొర చుట్టారు. మే నెల. పదకొండో రోజుకు పొర గోధుమరంగుకు తిరిగింది. పద్నాలుగో రోజుకు దారాలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సూర్యుడి వెలుగుతో పాటు వేడి కూడా వస్తుంది. ఇటుక మీద దీపానికి తట్టుకున్న దారం మే ఎండకు తట్టుకోలేకపోయింది.

నెలరోజులు పైడితల్లి తిండి సరిగా తినలేదు. చివరికి ఉపాయం దొరికింది. బయట వైపున ఇంకొక పొర వేసి, కంటికి కనబడే వెలుగును లోపలికి వదిలి, వేడిని మాత్రం విడదీసి వెనకనున్న నీటి గొట్టాల్లోకి పంపాలి. ఆ వేడినీళ్లు మేడ తూర్పు గోడకు చేరి, అక్కడ పలకల ద్వారా వేడిని మళ్లీ ఆరబోత మీదకు వదులుతాయి. వెలుగు ఒక దారిన, వేడి ఇంకొక దారిన వచ్చి ఇసుక మీద కలుసుకుంటాయి. కాగితం మీద అది అందంగా ఉంది.

మేడ ఇరవయ్యో అంతస్తు దాటాక అరవింద్ మాధవ్ సవరించిన నక్షా పంపాడు. తూర్పు గోడ పలకలు అందులో లేవు. వేడినీళ్ల గొట్టాలు నేరుగా కిందికి దిగి, హోటల్ వంటగదికి, స్నానాల గదులకు, లాండ్రీకి పోతున్నాయి. పైడితల్లి ఫోను చేసింది. అతను ఎప్పటిలాగే మెత్తగా మాట్లాడాడు. పలకలు గాలివానకు ఆగవని ఇంజినీర్లు అంటున్నారన్నాడు. మండలి ఉత్తర్వులో వెలుగు అనే ఉంది, వేడి అని లేదు కదా మేడం అన్నాడు. ముందు మేడ లేవనివ్వండి, పలకల సంగతి తరువాత చూద్దాం, ఇప్పుడు ఆపితే పొర పని మొత్తం ఆగిపోతుంది అన్నాడు.

ఆమె ఆ సాయంత్రం లెక్క వేసింది. ఎండలో ఉన్న శక్తిలో సగానికి పైగా వేడి వైపే పోతోంది. ఆ అంకె కింద రెండు గీతలు గీసింది. సముద్రపు గాలి ఉంది, పొద్దుటి ఎండ ఉంది, ఆ మాత్రానికి చేప ఆరకుండా ఉండదు అని తనకు తనే చెప్పుకుంది. ఎండుచేపల మీద పెరిగిన మనిషి తను. ఆరుతుందో ఆరదో ఆమెకు లెక్క అక్కర్లేకుండానే తెలుసు. మర్నాడు పొద్దున, పొరకు బాధ్యురాలిగా, నక్షా మీద సంతకం పెట్టింది.

*

హోటల్ తెరిచిన రోజున ఊరంతా వచ్చి చూసింది. మధ్యాహ్నం మూడు గంటలకు అంత మేడ వెనక సూర్యుడు ఉన్నాడు, ముందు ఇసుక మాత్రం మెరుస్తోంది. మనుషులకు, కుక్కలకు, పడవలకు నీడలు ఉన్నాయి, మేడకు లేదు. మండలి అధికారులు ఇరవై చోట్ల మీటర్లు పెట్టారు. తొంభై ఏడు, తొంభై ఎనిమిది చూపించాయి. టీవీ వాళ్లు పైడితల్లిని ఇసుక మీద నిలబెట్టి మాట్లాడించారు. ఆమె మాట్లాడుతూనే అరికాళ్లు చూసుకుంది. ఏప్రిల్ నెల మూడు గంటలకు ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా నిలబడగలగడం ఆమెకు అదే మొదటిసారి.

వారం తిరగకుండా పేటలో వాసన మొదలైంది. ఆరబోసిన నెత్తళ్లు పైకి వెండిలా మెరుస్తున్నాయి, పట్టుకుంటే మెత్తగా జారుతున్నాయి. రెండు రోజుల్లో అయ్యే పని నాలుగు రోజులైనా కాలేదు. మూడో రోజుకే ఈగలు, అయిదో రోజుకు పురుగులు. ఉప్పు ఎక్కువ వేసి చూశారు. పలచగా పరిచి చూశారు. తట్టలకు ఎత్తి ఉత్తరానికి మోసుకుపోయి చూశారు, అక్కడి పేట వాళ్లు తమ ఇసుకలోకి రానివ్వలేదు. సరుకు కొనే షావుకార్లు ఒకసారి వాసన చూసి వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. తెరచాప ఎల్లయ్య పెళ్లాం రాములమ్మ, పారేయడానికి మనసొప్పక, ఆ చేప ఇంట్లో వండింది. ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలయ్యారు. నలుగురు తిరిగి వచ్చారు. రాములమ్మ రాలేదు.

కర్మ అయిన రోజున కొర్లమ్మ యూనివర్సిటీ క్వార్టర్సుకు వచ్చింది. ఎన్నడూ రానిది వచ్చి, కుర్చీలో కూర్చోకుండా గడపలోనే నిలబడింది.

"ఎలుగుంది పైడీ. ఎండ నేదు. మేం పిచ్చోళ్లమా, నీకేటైనా తెలుసా?"

పైడితల్లికి అబద్ధం ఆడటానికి అవకాశం ఉంది. పొరలో ఏదో లోపం వచ్చిందని చెబితే తల్లి నమ్మేది. కాని నక్షా తీసి, గొట్టాలు ఎటు పోతున్నాయో వేలు పెట్టి చూపించింది. కింద తన సంతకం కూడా చూపించింది.

కొర్లమ్మకు చదువు రాదు, కూతురి సంతకం మాత్రం తెలుసు. దాని మీద తన వేలూ ఆనించింది.

"తెలిసే పెట్టినావా?"

"తెలిసే పెట్టాను."

కొర్లమ్మ కొంగు సవరించుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

*

ఈసారి పైడితల్లి పేట తరఫున నిలబడింది. ప్రొఫెసర్ సుదర్శనరావుగారు వద్దన్నారు, లాబ్‌కు డబ్బిచ్చేది ఇప్పుడు ఆ కంపెనీయేనని గుర్తు చేశారు. ఆమె రాజీనామా రాసి ఆయన బల్ల మీద పెట్టి మండలికి వెళ్లింది. జరిగినది ఒక్క మాట దాచకుండా చెప్పింది. ఇసుక ఎంత చల్లబడిందో, చేపలో తడి ఎంత మిగులుతోందో కొలిచి పట్టిక ఇచ్చింది. వెలుగు వేరు, ఎండ వేరు అని చెప్పింది. చేప ఎండేది వెలుగుకు కాదు అని చెప్పింది.

కంపెనీ వకీలు ఆమెను ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. మొదటి విచారణలో ఆమె చెప్పిన వాక్యాన్ని ఆమె చేతనే చదివించాడు. వెలుగు కొలిచే మీటరు పెడితే చాలు అన్నది తమరేనా అని అడిగాడు. తనేనంది. ఆ సవరించిన నక్షా మీద సంతకం తమరిదేనా అన్నాడు. తనదేనంది. అప్పుడు తప్పు చెప్పారా, ఇప్పుడు తప్పు చెబుతున్నారా అన్నాడు.

"అప్పుడు తక్కువ చెప్పాను," అంది పైడితల్లి.

మండలి సభ్యుడు మంచివాడే. విచారంగానే తీర్పు చదివాడు. ఉత్తర్వులో ఉన్న షరతు వెలుగు గురించి, అది నెరవేరింది, లేని షరతును ఇప్పుడు చేర్చే అధికారం మండలికి లేదు. రాములమ్మ చావు చేప వండుకోవడం వల్ల జరిగింది గనుక ఈ విచారణలోకి రాదు.

ఆ వర్షాకాలం గడిచేసరికి ఆరబోతలో వలలు పరిచేవాళ్లు లేరు. వాడకంలో లేని తీరభూమి అని చెప్పి కార్పొరేషన్ దాన్ని హోటల్‌కు లీజుకిచ్చింది. వాళ్లు అక్కడ గొడుగులు లేకుండా కుర్చీలు వేశారు. ఎర్రటి ఎండాకాలంలో కూడా ఒళ్లు మాడకుండా వెలుగులో పడుకోవచ్చని దేశదేశాల నుంచి జనం వస్తారు. పేట ఆడవాళ్లకు కంపెనీ లాండ్రీలో పనులిచ్చింది. కొర్లమ్మ మొదట వెళ్లలేదు. తరువాత వెళ్లింది. నీలం చీర, జేబుకు పేరు బిళ్ల. మేడ మీది నుంచి దిగే వేడినీళ్లలో దుప్పట్లు ఉతకడం ఆమె పని.

పైడితల్లి ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. పొర మీద హక్కులన్నీ కంపెనీవి. ఇరుకు గదుల పని ఎవరూ ఎత్తుకోలేదు. ఆదివారాలు పేటకు వెళ్లి తల్లి ఇంట్లో అన్నం తింటుంది. తల్లి వడ్డిస్తుంది. కూర బాగుందా అని అడుగుతుంది. అంతకు మించి మాట్లాడదు.

మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, రెండున్నర దాటాక, హోటల్ ముందు ఒక వ్యాను ఆగింది. చీరాల దగ్గరి ఒక రేవు నుంచి పన్నెండు మంది ఆడవాళ్లు దిగారు. వాళ్ల ఒడ్డున కూడా నీలాంబుధి వాళ్లు మేడ కడతారట. వీళ్లు అడ్డం తిరిగితే, వెళ్లి విశాఖలో కళ్లారా చూసి రండని కంపెనీయే వ్యాను పెట్టి పంపింది. వాళ్లు కుర్చీల అంచున నిలబడి మేడ వంక, ఇసుక వంక మార్చి మార్చి చూస్తున్నారు. వాళ్లలో పెద్దదాని పేరు కోటమ్మ. నిజంగానే పడతన్నదే వెలుగు, అని పక్కవాళ్లతో అంటోంది.

రోడ్డు మీద వెళుతున్న పైడితల్లి ఆగి దగ్గరకు వెళ్లింది. ఇది ఎండ కాదని, దీనికి చేప ఆరదని చెప్పింది. పొర గురించి, గొట్టాల గురించి చెప్పింది. వాళ్లు మర్యాదగా విన్నారు. చదువుకున్నామె ఏదో చెబుతోంది, కళ్లెదుట వెలుగు కనబడుతోంది. కోటమ్మ నవ్వి, "ఇంత వెలుతురు పెట్టుకుని ఎండ లేదంటావేందమ్మా," అంది.

అప్పుడే షిఫ్టు మధ్యలో భోజనానికి వదిలినట్టున్నారు, కొర్లమ్మ పక్క గేటు నుంచి బయటకు వచ్చింది. కూతురినీ, ఆ పరాయి ఆడవాళ్లనూ చూసి సంగతి గ్రహించింది. కూతురిని దాటి నడిచింది. వాళ్ల మధ్యకు వచ్చి, కుర్చీలకు అవతల ఇసుక మీద తను ముందు కూర్చుంది.

"కూకోండమ్మా. ఎక్కడికెల్లిపోతారు. చెప్పులిప్పి కూకోండి."

వాళ్లు కూర్చున్నారు. ఏ ఊరు, ఏ చేప పడుతుంది, ఎంతమంది పిల్లలు, అన్నీ కొర్లమ్మ అడుగుతూ పోయింది. మేడ మాట ఎత్తలేదు. ముప్పావుగంట అయింది. వెలుగు కళ్లలో పొడుస్తూనే ఉంది. ముందు ఒక చిన్నది పమిట భుజాల చుట్టూ లాక్కుంది. తరువాత కోటమ్మ ఇసుకలోకి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉంచింది. నవ్వు పోయింది. చుట్టూ చూసింది, మేడ పైదాకా చూసింది.

"ఏ నా కొడుకు చేశాడమ్మా ఈ పని?"

"కొడుకు కాదు," అంది కొర్లమ్మ. "నా కూతురు. అదిగో, అక్కడ నిల్చున్నాది."

పన్నెండు మందీ తిరిగి చూశారు. పైడితల్లి తల దించుకోలేదు. కోటమ్మ లేచి, చేతికి అంటిన ఇసుక దులుపుకుంటూ ఆమె ముందుకు వచ్చి నిలబడింది.

"మా ఊరికి రా. మా వాళ్లు నన్ను నమ్మరు, నువ్వు చెప్తే నమ్ముతారు. నేనే చేశానని చెప్పు."

పైడితల్లి తల్లి కోసం చూసింది. కొర్లమ్మ అప్పటికే గేటు దగ్గర ఉంది. కాపలావాడికి పేరు బిళ్ల చూపించి, అన్నం తినకుండానే, లోపలికి వెళ్లిపోయింది.